తాళం వేయని తలుపులు

న్యూజీలాండ్ దక్షిణ ద్వీపానికి ఉత్తర కొసన నెల్సన్ లేక్స్ నేషనల్ పార్కు ఉంది. 1956లో ఏర్పడింది. అందులో రెండు పెద్ద సరస్సులు, రోటోయిటి, రోటోరోవా. మొదటి దానిలోకి ట్రావర్స్ నది, రెండో దానిలోకి సాబైన్ నది వచ్చి కలుస్తాయి. ట్రావర్స్ లోయ వెంట పైకి పోయి, 1,787 మీటర్ల ఎత్తున ఉన్న కనుమ దాటి, సాబైన్ లోయలోకి దిగి, చుట్టు తిరిగి బయలుదేరిన చోటికే చేరే కాలిబాట ఒకటుంది. 80 కిలోమీటర్లు. దారిలో దుకాణం లేదు, కరెంటు లేదు, ఫోను పలకదు. ఉన్నవల్లా హట్లు.

రేకు కప్పు, చెక్క గోడలు, వరసగా పరుపులు, ఒక ఇనప పొయ్యి, బయట వాన నీటి ట్యాంకు, కాస్త ఎడంగా మరుగుదొడ్డి. హట్ అంటే ఇంతే. ఇలాంటివి దేశం మొత్తం మీద అక్కడి ప్రభుత్వ పరిరక్షణ శాఖ చేతిలో 900కు పైగా ఉన్నాయి. తలుపుకు గొళ్లెం ఉంటుంది, తాళం ఉండదు. రద్దీ నెలల్లో కొన్నింటికి ముందే బుక్ చేసుకోవాలి. మిగతా వాటిలో ముందొచ్చినవారిదే పరుపు. నడవడానికి వచ్చినవాళ్లు, వేటకు వచ్చినవాళ్లు, చేపలు పట్టడానికి వచ్చినవాళ్లు ఒకే గదిలో పడుకుంటారు. కొండలకన్నా నన్ను ఎక్కువ లాగింది ఈ ఏర్పాటే. అందుకే కావాలని ఏప్రిల్ నెల ఎంచుకున్నాం. మగ ఎర్ర జింకలు ఆడవాటి కోసం గర్జించే కాలం అది. ఆ గర్జన కోసమే ఏడాదంతా కాచుకునే వేటగాళ్లు అప్పుడే కొండలెక్కుతారు.

ముందు రోజు

వెల్లింగ్టన్ నుంచి పిక్టన్‌కు ఓడలో మూడున్నర గంటలు. అక్కడి నుంచి బ్లెనిమ్, వైరావు లోయ, సెయింట్ ఆర్నాడ్. క్రైస్ట్‌చర్చ్‌లో చదువుకుంటున్న మా బావమరిది బ్లెనిమ్‌లో బస్సు దిగి కారెక్కాడు. ఖమ్మంలో పుట్టి పెరిగినవాడు. వీపు సంచి బరువుకు సగం తిండేనని చూడగానే తెలిసిపోయింది. వేయించిన ఉప్మా రవ్వ, అటుకులు, పులిహోర గుజ్జు, కందిపొడి.

సెయింట్ ఆర్నాడ్ సందర్శకుల కేంద్రంలో వాతావరణ సూచన అంటించారు. రెండు రోజులు బాగుంటుంది, ఆ తర్వాత వాన, పైన మంచు. అత్యవసరంలో నొక్కితే ఉపగ్రహానికి సంకేతం పంపే బీకన్ ఒకటి అద్దెకు తీసుకున్నాం. మన పేర్లు రాసుకుని, తిరిగి రాకపోతే వెతికే అధికారి ఎవరూ ఇక్కడ ఉండరు. ఇంటి దగ్గర ఒకరికి చెప్పి వెళ్లాలి, ఫలానా రోజు ఫలానా గంటకు ఫోను రాకపోతే పోలీసులకు చెప్పమని. ఆ పని మా ఆవిడది. "అక్కా, ఒక గంట ఆలస్యమైతే హెలికాప్టర్ పంపించేయకు, పరువు పోతుంది" అని తమ్ముడు ముందే బతిమాలుకున్నాడు.

మొదటి రోజు: కెర్ బే నుంచి లేక్‌హెడ్

రోటోయిటి సరస్సు తూర్పు గట్టు వెంట తొమ్మిది కిలోమీటర్లు. పెద్ద ఎత్తుపల్లాలు లేవు. దారంతా బీచ్ అనే జాతి చెట్ల అడవి. ఆ చెట్ల బోదెలు మసి పూసినట్టు నల్లగా ఉంటాయి. బెరడు లోపల బతికే చిన్న పొలుసు పురుగు చెట్టు రసం పీల్చి, సన్నని తెల్లటి దారపు కొసన తేనెబంక చుక్కను వదులుతుంది. ఆ బంక మీద నల్ల బూజు పెరుగుతుంది. దగ్గరికి వెళ్లి చూస్తే వెంట్రుకంత దారాలు, వాటి చివర మెరిసే చుక్కలు. వేలితో అందుకుని నాలుకకు రాసుకుంటే తియ్యగా ఉంది. ఇక్కడి పక్షులకు ఇది ఆధారం. కాని యూరప్ కందిరీగలు ఈ దేశంలోకి దిగాక ఆ చుక్కల మీద వాటిదే పెత్తనమైంది. మొదటి జాతి 1945లో విమాన విడిభాగాల పెట్టెల్లో వచ్చిందంటారు. వేసవి చివరికి అడవిలో పక్షుల పాటకన్నా వీటి రొద ఎక్కువగా వినిపిస్తుంది. మా బావమరిది చెయ్యి ఆనించకుండా ఒక్క చెట్టూ దాటలేడు. మధ్యాహ్నానికల్లా ఆ అలవాటు మానుకున్నాడు.

లేక్‌హెడ్ హట్‌లో 28 మందికి చోటు. మేము చేరేసరికి లోపల నలుగురే ఉన్నారు. బూట్లు వరండాలో విప్పాలి. లోపల స్టీలు బల్ల మీద వంట, అదీ మన గ్యాస్ పొయ్యి మీదే. పొడుగాటి చెక్క అరుగుల మీద ప్లాస్టిక్ తొడుగు పరుపులు వరసగా పరిచి ఉంటాయి. ఎవరి స్లీపింగ్ బ్యాగు వాళ్లదే. పక్కవాడు గురక పెడితే మన ఖర్మ.

బల్ల మీద హట్ పుస్తకం ఉంది. గళ్లు గీసిన పెద్ద నోటు పుస్తకం. తేదీ, పేరు, ఎంతమంది, ఎన్ని రాత్రులు, ఎక్కడి నుంచి వచ్చారు, ఎక్కడికి వెళ్తున్నారు, పాస్ నంబరు, వచ్చిన పని, వాతావరణం. లోపల పడుకోకుండా దాటిపోయేవాళ్లు కూడా ఒక వరస రాసి వెళ్లాలి. ఎవరైనా తప్పిపోతే వెతికేవాళ్లు ముందు తెరిచేది ఈ పుస్తకమే. ఏ లోయలోకి వెళ్లాడో తెలిస్తే వెతకాల్సిన మేర సగానికి సగం తగ్గుతుంది. "వచ్చిన పని" గడిలో చాలామంది నడక అనో వేట అనో రాశారు. ఒకాయన "భార్య ఆజ్ఞ" అని రాశాడు.

చీకటి పడేదాకా నది ఒడ్డున కూర్చుందామనుకున్నాం. శాండ్‌ఫ్లైలు పడనివ్వలేదు. నల్లటి బుల్లి ఈగ కుట్టిన చోట వారం పాటు దురద. నడుస్తున్నంతసేపూ దరికి రాదు, ఆగితే వదలదు.

రెండో రోజు: జాన్ టెయిట్ హట్

ట్రావర్స్ లోయ వెంట 14 కిలోమీటర్లు. మొదట గడ్డి మైదానాలు, ఆపైన అడవి. ఒక చోట కూర్చుని అటుకులు తింటుంటే రాబిన్ పిట్ట వచ్చి బూటు లేసును ముక్కుతో లాగింది. పొడవాటి సన్న కాళ్లు, భయమన్నది తెలియని కళ్లు. మనం నేలను కాలితో కదిపితే పురుగులు బయటికి వస్తాయని దానికి తెలుసు. మనం దానికి పనివాళ్లం.

వేలాడే వంతెనల దగ్గర చిన్న బోర్డు ఉంటుంది, ఒకసారి ఒక్కరే దాటాలని. ఈ బోర్డులను ఇక్కడివాళ్లు తేలిగ్గా తీసుకోరు. 1995 ఏప్రిల్ 28న పశ్చిమ తీరంలో కేవ్ క్రీక్ అనే చోట, లోతైన గండి మీదికి కట్టిన చూపు వేదిక కూలి 14 మంది చనిపోయారు. 13 మంది విద్యార్థులు, ఒకరు పరిరక్షణ శాఖ అధికారి. వేదికను సరిగా బిగించలేదని విచారణలో తేలింది. ఆ తర్వాత దేశంలోని వంతెనలు, వేదికలు, హట్లు అన్నింటినీ వరసబెట్టి పరీక్షించారు. కొన్నింటిని మూసేశారు, కొన్నింటిని తిరిగి కట్టారు. వంతెన కింద నీళ్లు గాజులా ఉన్నాయి. మేము ఒకరి తర్వాత ఒకరం దాటాం.

మధ్యాహ్నం వేళ ఎదురు కొండ మీద నుంచి గర్జన వినిపించింది. ఎద్దు రంకెకూ పెద్ద పులి అరుపుకూ నడిమి రకం. వెంటనే లోయ ఇవతలి పక్క నుంచి బదులు వచ్చింది. ఆ బదులు ఇచ్చింది జింక కాదని సాయంత్రం తెలిసింది. హట్‌లో ఒక తండ్రి, పద్దెనిమిది దాటిన కూతురు కూర్చుని ఉన్నారు. బల్ల మీద వంపు తిరిగిన ప్లాస్టిక్ గొట్టం. దానిలో నోరు పెట్టి గర్జిస్తే ఇంకో మగ జింక పోటీకి వచ్చిందనుకుని అసలు జింక బయటికి వస్తుంది. ఒక్కోసారి అటుపక్క గర్జించేది కూడా గొట్టమే అవుతుంది. ఇద్దరు వేటగాళ్లు ఒకరినొకరు జింకలనుకుని పొదల చాటున పాక్కుంటూ దగ్గరవుతారు. వినడానికి నవ్వొస్తుంది కాని ఇలా ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. అందుకే ఇక్కడ తుపాకి పట్టే ప్రతివాడికీ మొదట నేర్పేది ఒకటే, ఎదుట ఉన్నది ఏమిటో అణుమాత్రం సందేహం లేకుండా తేల్చుకోకుండా ట్రిగ్గర్ ముట్టుకోకూడదు. తండ్రీకూతుళ్లిద్దరూ కళ్లు జిగేలుమనే నారింజ రంగు చొక్కాల్లో ఉన్నారు. మా బావమరిది టోపీ గోధుమ రంగుది. ఆ అమ్మాయి దాన్ని ఒక క్షణం చూసి, తన సంచిలోంచి నారింజ రంగు రిబ్బను ముక్క తీసి ఇచ్చింది.

తుపాకి గోడకు ఆనించి ఉంది. దాని బోల్ట్ తండ్రి జేబులో, తూటాలు కూతురి సంచిలో. హట్‌లోకి తుపాకి తెచ్చేటప్పుడు పాటించే పద్ధతి ఇది. మాంసం సంచి బయట వరండా దూలానికి వేలాడుతోంది. ముందు రోజు పక్క వాగు పైన ఉన్న ఆరు పరుపుల హోప్‌లెస్ హట్‌లో పడుకుని, తెల్లవారుజామున ఒక జింకను కొట్టారట. వెన్ను పక్క మెత్తటి మాంసాన్ని సన్నగా కోసి, ఉప్పు వేసి, పెనం మీద రెండు వైపులా నిమిషం చొప్పున కాల్చి పళ్లెంలో పెట్టారు. మా బావమరిది దాని మీద కందిపొడి చల్లుకున్నాడు. తండ్రి అదేమిటని అడిగి తానూ చల్లుకున్నాడు. తర్వాత డబ్బా తన వైపే పెట్టుకున్నాడు.

వాళ్ల తాత డీర్ కల్లర్. అంటే ప్రభుత్వ జీతం మీద జింకలను చంపే ఉద్యోగి. మనుషులు రాకముందు గబ్బిలాలు తప్ప నేల మీద తిరిగే పాలిచ్చే జంతువు ఒక్కటీ లేని దేశమిది. 1851లో ఇంగ్లండ్ నుంచి ఎర్ర జింకలను తెచ్చి ఈ నెల్సన్ ప్రాంతంలోనే వదిలారు. వేటాడే మృగం లేదు, మేత దండి. వందేళ్లు తిరక్కుండానే కొండ వాలుల మీద మొక్క మొలకెత్తని పరిస్థితి వచ్చింది. అంతకుముందు జింకలను కాపాడిన చట్టాన్నే 1930లో తీసేసి, 1931 నుంచి జీతాలిచ్చి చంపించడం మొదలుపెట్టారు. కెప్టెన్ యెరెక్స్ అనే ఆయన ఆ పనికి పెద్ద. 1956 తర్వాత ఈ బాధ్యత అటవీ శాఖకు వచ్చింది. నెలల తరబడి కొండల్లో తిరిగే మనుషులకు తల దాచుకునే చోటు కావాలి కదా. దానికోసం వందల హట్లు, వాటి మధ్య బాటలు, వంతెనలు కట్టారు. సామాను మొదట్లో విమానాల నుంచి కిందికి జారవిడిచేవారు, తర్వాత హెలికాప్టర్లు వచ్చాయి. ఈ దేశంలో ఇవాళ జనం సరదాగా నడిచే కొండదారుల్లో చాలా వాటికి పునాది ఆ వేటే. 1987 ఏప్రిల్ 1న పరిరక్షణ శాఖ పుట్టినప్పుడు ఇవన్నీ దాని పద్దులో చేరాయి.

"మీ దేశంలో వేట ఎలా ఉంటుంది?" అని అమ్మాయి అడిగింది. 1972 చట్టంతో నిషేధం, జింకను కొడితే జైలు అన్నాను. తండ్రి కాసేపు నమ్మలేదు. నల్లమలలో అటవీ శాఖ అతిథి గృహాలు ఉంటాయని, అక్కడ గది కావాలంటే ముందు అధికారి అనుమతి కావాలని, తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుందని బావమరిది చెప్పాడు. "మరి వాచ్‌మన్ లేకపోతే?" అని ఆయన అడిగాడు. దానికి మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

మూడో రోజు: అప్పర్ ట్రావర్స్

ఆరు కిలోమీటర్లే. ట్రావర్స్ జలపాతం దగ్గర కాసేపు ఆగి, అడవి పొడవునా ఎక్కి, చెట్లు ఆగిపోయి గడ్డి దుబ్బులు మొదలయ్యే చోటికి చేరాం. హట్ సరిగ్గా ఆ అంచున ఉంది. 24 పరుపులు. వెనక 2,338 మీటర్ల ట్రావర్స్ శిఖరం. మధ్యాహ్నం రెండింటికే మబ్బు దిగింది.

కియాలు వచ్చాయి. ఆకుపచ్చ ఒంటికి రెక్కల కింద నారింజ రంగు దాచుకున్న కొండ చిలకలు. వాటికి రబ్బరు, ప్లాస్టిక్ అంటే ప్రాణం. వరండాలో వదిలేసిన బూట్లను పదినిమిషాల్లో పీకి పోగులు పెట్టగలవు. ఇక్కడ మాత్రం బూట్లు లోపల పెట్టాలని తలుపు మీదే రాసి ఉంది. ఒక పక్షి కిటికీ అంచున కూర్చుని, మా ఉప్మా ఉడికేదాకా అద్దాన్ని పొడుస్తూనే ఉంది.

నాలుగో రోజు: వాన

పొద్దున్నే కనుమ కనిపించలేదు. రేకు కప్పు మీద వాన చప్పుడుకు మాట వినపడటం లేదు. కనుమ మీద మంచు కురుస్తోందని తేలికగానే అర్థమైంది. ఉండిపోయాం.

హట్‌లో చేతులు ముడుచుకుని కూర్చునే రోజు దొరికితేనే అది ఎలా నడుస్తుందో తెలుస్తుంది. పొయ్యి పక్కన కట్టెల పెట్టె నిండుగా ఉంది. పైన ఎండు పుల్లలు చీల్చి కట్టగా పెట్టి ఉన్నాయి, ఒక పాత పత్రిక కాగితం మడతపెట్టి. ఇది పనివాళ్ల పని కాదు. మాకన్నా ముందు ఉండి వెళ్లినవాళ్లు ఎవరో చేసి వెళ్లారు. చీకట్లో, తడిసి, వేళ్లు వంగని స్థితిలో ఒకడు లోపలికి వస్తే అగ్గిపుల్ల గీసుకుంటే చాలు, మంట రాజుకోవాలి. దానికోసం ఆ పుల్లలు. మనం వెళ్లేటప్పుడు మళ్లీ అదే స్థితిలో ఉంచాలి. నేల ఊడవాలి, బల్ల తుడవాలి, చెత్త ముక్క కూడా వదలకుండా సంచిలో వేసుకుని కిందికి మోయాలి. ఇక్కడ చెత్తబుట్ట ఉండదు.

అందరూ ఇలాగే ఉంటారనేమీ లేదు. పొయ్యి వెనక ఎవరో సగం కాల్చిన అల్యూమినియం రేకులు, ఖాళీ నూడుల్స్ కప్పులు కుక్కి పోయారు. హట్ పుస్తకం పాత పేజీలు తిరగేస్తే ఈ గొడవ ఎప్పటినుంచో ఉందని తెలుస్తుంది. ఫలానా తేదీ గుంపు గొడ్డలిని వానలో వదిలి వెళ్లిందని ఒకరు, గొడ్డలి కాదు మీ గురక గురించి రాయండని మరొకరు. ఎవరిని ఎవరు తిట్టుకున్నా పుస్తకం మాత్రం చెక్కుచెదరలేదు. పేజీ చింపి పొయ్యి రాజేసిన ఆనవాలు ఒక్కటీ లేదు. నాకు అది ఆశ్చర్యం.

ఈ కట్టడాలు నిలబడటం ఇలాంటి పట్టింపు వల్లే. శాఖకు డబ్బు చాలదు, మారుమూల చిన్న హట్లను పట్టించుకునే తీరిక ఉండదు. వాటిలో చాలావాటిని ఇప్పుడు జనమే బాగుచేసుకుంటున్నారు. కొండ నడక సంఘాల సమాఖ్య, జింక వేటగాళ్ల సంఘం, కొండ సైకిళ్లవాళ్ల సంస్థ కలిసి పెట్టుకున్న బ్యాక్‌కంట్రీ ట్రస్టు ద్వారా స్వచ్ఛందంగా వెళ్లి రేకులు మార్చి, రంగులు వేసి వస్తారు. విషం చల్లే దగ్గరికి వస్తే వేటగాళ్లకు, శాఖకు అసలు పొసగదు. ఎలుకల కోసం, ముంగిసలాంటి స్టోట్‌ల కోసం అడవిలో చల్లే 1080 అనే విషం జింకలను కూడా చంపుతుందని వాళ్ల కోపం. జాన్ టెయిట్‌లో ఆ తండ్రి దాని మీద అరగంట మాట్లాడాడు. కాని కప్పు కారుతుంటే మాత్రం సుత్తి అందుకుంటారు.

నా మటుకు, 30 పరుపుల పెద్ద హట్లకన్నా ఆరు పరుపుల చిన్నవే మేలు. పెద్దవాటిలో హోటలు లక్షణాలు వచ్చేస్తాయి. ఎవరో ఒకరు ఊడుస్తారులే అని అందరూ అనుకుంటారు. నలుగురే ఉన్నచోట ఆ ఎవరో మనమే.

సాయంత్రం నాలుగింటికి తలుపు తోసుకుని ఒక జర్మన్ అమ్మాయి వచ్చింది. కనుమ అవతలి నుంచి, మంచులో, ఒంటరిగా. దేశం దక్షిణ కొస నుంచి ఉత్తర కొస దాకా 3,000 కిలోమీటర్లు సాగే టె ఆరరోవా బాట మీద నడుస్తోందట. 2011లో తెరిచిన ఆ బాట ఈ లోయ గుండానే పోతుంది. పెదవులు నీలంగా ఉన్నాయి. మాట్లాడలేదు, నేరుగా పొయ్యి దగ్గర కూర్చుంది. ఆమె చేతిలో అల్లం టీ పెట్టాం. ఒక వేటగాడు లేచి తన కింది పరుపు ఖాళీ చేసి పై అంతస్తుకు మారాడు. ఎవరూ ఎవరినీ అడగలేదు. ఆమె నోరు తెరిచాక మొదట అన్న మాట: "పైన పాదం లోతు మంచు, కానీ గుర్తు కర్రలు కనిపిస్తున్నాయి." మేము మర్నాడు దాటబోయే దారి గురించి ఇంతకన్నా కచ్చితమైన సమాచారం ఎక్కడ దొరుకుతుంది?

ఐదో రోజు: కనుమ

ఆకాశం కడిగినట్టుంది. నారింజ రంగు గుర్తు కర్రలు పట్టుకుని నాలుగు వందల మీటర్లకు పైగా ఎక్కాం. కనుమ మీద గాలికి నిలబడలేక ఫొటో ఒకటి తీసుకుని దిగడం మొదలుపెట్టాం. దిగుడు వెయ్యి మీటర్లు. మోకాళ్లకు పని. మొదట బండరాళ్లు, తర్వాత నిటారు అడవి, కింద సాబైన్ తూర్పు పాయ. ఆ పాయ ఒక చోట చాలా ఇరుకైన గండిలో పారుతుంది. వంతెన మీద నుంచి చూస్తే అడుగున ఎక్కడో చీకట్లో నీళ్ల మోత వినిపిస్తుంది తప్ప సరిగా కనిపించవు. మా బావమరిది ఆ వంతెన మీద ఆగి, "బావా, రాయి వేసి లెక్కపెడదామా" అన్నాడు. వేసి లెక్కపెట్టాం. లెక్క కుదరలేదు, మోతలో రాయి చప్పుడు కలిసిపోయింది.

వెస్ట్ సాబైన్ హట్. 30 పరుపులు, నిండా జనం. అన్నం, పులిహోర గుజ్జు, నిద్ర.

ఆరో రోజు: నీలి సరస్సు

పడమటి పాయ వెంట ఏడు కిలోమీటర్లు ఎక్కితే బ్లూ లేక్. ఇక్కడి మూలవాసులైన మావోరీలు పెట్టిన పేరు రోటోమైరెవెనువా. నీళ్లలో వెలుతురు ఎంత దూరం పోతుందో శాస్త్రవేత్తలు కొలిస్తే 70 నుంచి 80 మీటర్ల దాకా కనిపించింది. స్వేదన జలానికి దాదాపు సమానం. సహజంగా ఉన్న మంచినీటి సరస్సుల్లో ఇంతకన్నా తేటదాన్ని ఇంతవరకు కొలవలేదు. పైన కాన్‌స్టెన్స్ అనే ఇంకో సరస్సు ఉంది. రెంటికీ మధ్య కొండచరియ విరిగిపడిన రాళ్ల కట్ట. పై సరస్సు నీళ్లు ఆ రాళ్ల గుండా ఇంకుతూ వడకట్టుకుని ఇందులోకి వస్తాయి. ఒక్క రోజులో మొత్తం నీళ్లు మారిపోతాయి, కాబట్టి నాచు పెరిగే వ్యవధి ఉండదు.

రంగు చెప్పడం కష్టం. లోతులో ఊదా కలిసిన నీలం, అంచున ఆకుపచ్చ. అడుగున పడి ఉన్న చెట్టు మాను మీద పెచ్చులు కూడా లెక్కపెట్టవచ్చు. పైన కూర్చుని చూస్తే అది చేతికి అందేంత దగ్గరగా ఉంది, నిజానికి చాలా లోతులో ఉంది.

నీళ్లలో చెయ్యి పెట్టకూడదు. ఈతకు దిగడం, గిన్నెలు కడగడం, సీసా ముంచడం ఏదీ వద్దని బోర్డు ఉంది. రెండు కారణాలు. ఇది ఇక్కడి న్గాటి అపా అనే మావోరీ తెగకు పవిత్రమైన చోటు. పూర్వం చనిపోయినవారి ఎముకలను ఈ నీటిలో శుద్ధి చేసి, ఆత్మను పూర్వీకుల నేలకు సాగనంపేవారు. గోదావరిలో అస్థికలు కలిపి వచ్చినవాళ్లకు ఈ మాట ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. రెండో కారణం ఒక సూక్ష్మమైన నాచు. కింది రెండు పెద్ద సరస్సుల్లో అది ఇప్పటికే ఉంది, నీళ్లలో జిగట తీగలు తీగలుగా పెరుగుతుంది. తడి బూటుకో సీసాకో అంటుకుని ఇక్కడికి చేరితే ఈ తేటదనం అంతటితో సరి.

అయినా ఒకాయన బట్టలు విప్పుతున్నాడు. హట్ నుంచి ఒక ముసలి వేటగాడు, ఒళ్లంతా పచ్చబొట్లు, చేతిలో టీ కప్పు, నిదానంగా నడిచి వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాడు. ఏదో రెండు మాటలు అన్నాడు. ఆయన మళ్లీ చొక్కా వేసుకున్నాడు. వేటగాళ్లంటే అడవిని పాడు చేసేవాళ్లు, నడిచేవాళ్లంటే కాపాడేవాళ్లు అని నేననుకున్నదేమీ లేదు గాని, ఈ దృశ్యం చూడవలసిన మిత్రులు నాకు కొందరున్నారు.

16 పరుపుల హట్. కిటికీ పక్క చోటు దొరికింది. రాత్రి గడ్డకట్టే చలి, పొయ్యికి కట్టెలు వేయడానికి వంతులు వేసుకున్నాం.

ఏడో రోజు: సాబైన్ హట్

22 కిలోమీటర్ల దిగుడు. నది పక్కనే మెత్తటి దారి, అడవి, మళ్లీ అడవి. రోటోరోవా సరస్సు ఒడ్డున 32 పరుపుల హట్‌కు సాయంత్రానికి చేరాం. శాండ్‌ఫ్లైలు కూడా చేరాయి.

ఎనిమిదో రోజు: స్పియర్‌గ్రాస్ మీదుగా బయటికి

బురద నేలల మీద చెక్క పలకలు పరిచిన దారి, అనేక చిన్న వాగులు. స్పియర్‌గ్రాస్ 12 పరుపుల చిన్న హట్. లోపల ఎవరూ లేరు. మధ్యాహ్నం తిండి అక్కడే. పుస్తకంలో మా పేర్లు రాసి, కట్టెల పెట్టె సగమే ఉందని బావమరిది గొడ్డలి తీసుకున్నాడు. ఖమ్మంలో గ్యాస్ బండ తప్ప ఎరగనివాడు, మొదటి దుంగను నాలుగు దెబ్బలకు కూడా చీల్చలేకపోయాడు. ఏటవాలుగా కాదు, పగులు ఉన్న వైపు కొట్టమన్నాను. అరగంటకు పెట్టె నిండింది, చేతికి బొబ్బలు వచ్చాయి.

మౌంట్ రాబర్ట్ పార్కింగ్ దగ్గర ట్రక్కు ఉన్న ఒకాయన మమ్మల్ని ఊళ్లోకి ఎక్కించుకున్నాడు. బీకన్ తిరిగి ఇచ్చేశాం. బావమరిది సందర్శకుల కేంద్రంలో కౌంటరు ముందు నిలబడి వేట పర్మిట్ గురించి అడగడం మొదలుపెట్టాడు. పర్మిట్‌కు డబ్బు అక్కర్లేదు, తుపాకి లైసెన్సు కావాలి, దానికి శిక్షణ, పరీక్ష, ఇంటికొచ్చి మాట్లాడే అధికారి, మనం తుపాకి దాచే బీరువా ఉంటాయని అక్కడి ఆమె ఓపికగా చెప్పింది. "అక్కకు చెప్పకండి బావా" అన్నాడు. తర్వాత ఏంజెలస్ సరస్సు దగ్గరి హట్ కరపత్రం ఒకటి తీసుకున్నాడు. 1,650 మీటర్ల ఎత్తు, 28 పరుపులు, వేసవి నెలల్లో ముందే బుక్ చేసుకోవాలి. డిసెంబరులో సెమిస్టరు అయిపోతుందట. తేదీలు నన్నే చూడమన్నాడు.